పదిహేడో మేకు

ఆరిలోవ దాటాక, ఆటో ఇంక ఎక్కనని మొరాయించే చోట
దిగి నడుస్తాను.
సంచిలో ఉక్కు స్కేలు, తడవని పుస్తకం,
పెన్సిలు.
ఈ వానకి పెన్ను ఏడుస్తుంది.

వాలు మీద ముప్పై ఆరు ఇనప మేకులు.
ఒక్కోటీ జానెడున్నర, మెడలో ఒక వాషరు.
జూన్ మొదట్లో నేలకి ఆనేలా దిగేశాం.
మన్ను జారితే వాషరు దానితోపాటు కిందికి పోతుంది.
మేకు ఉన్నచోటే ఉండి
తల ఇంకాస్త బయటపెడుతుంది.
ఆ రెంటి నడుమ ఖాళీని
మోకాళ్ల మీద కూచుని, ఊపిరి బిగబట్టి కొలవాలి.

జులైలో మూడు మిల్లీమీటర్లు.
రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత.
నాలుగో వరసలో ఏడు, అది మేకలు దిగే దారి.
"హెక్టారుకి లెక్క కట్టు, అప్పుడు భయమేస్తుంది"
అన్నారు మా ప్రొఫెసరు.
కట్టాను. నాలుగు లారీల మన్ను.
భయం వెయ్యలేదు గానీ
ఆ లారీలు ఎవరి గుమ్మం ముందు ఆగాయో చూడాలనిపించింది.

వాలు కింద రేకు తొట్టి.
వాన వెలిశాక అందులో నీళ్లు చిక్కటి టీ రంగు.
సీసాలో పట్టి, లాబ్‌లో ఇగరబెట్టి
అడుగున మిగిలిన ఎర్రపొడిని తూస్తాను,
గాలి తగిలినా ముల్లు కదులుతుందని
ఫ్యాను కట్టేసి.

తొట్టి పక్కిల్లు దాలమ్మది.

"ఏటి పాపా, మేకులకి దణ్ణాలెడతన్నావా?"
మొదటి రోజు అడిగింది.
చెప్పాను. విని నవ్వింది.
"నానీ ఇంటికొచ్చినప్పుడు గుమ్మానికి రెండే మెట్లు.
ఇప్పుడు నాలుగు.
ఇల్లు పెరిగిందనుకున్నావేటి?"

ఇరవై రెండేళ్లు, రెండు మెట్లు.
స్కేలు తీశాను.
ఒక్కో మెట్టు పద్నాలుగు సెంటీమీటర్లు.
ఆ రాత్రి హాస్టల్లో భాగించి చూస్తే
నా మేకులు చెప్పేదానికి దగ్గరగానే ఉంది.
ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరులో వాయుగుండం.
మూడు రోజులు కొండ మబ్బులో ఉంది.
నాలుగో రోజు వెళితే
గెడ్డ ఇంకా గొంతు తగ్గించలేదు,
దూరాన సముద్రంలోకి ఒక ఎర్ర నాలుక,
దాని అవతల లంగరేసిన ఓడలు
ఏమీ ఎరగనట్టు.

ఆరో వరసలో రెండు మేకులు లేవు.
ఇరవై ఏడో మేకు దగ్గర నలభై ఒకటి.
చెయ్యి వణికి మళ్లీ కొలిచాను. నలభై ఒకటే.
పదిహేడు మాత్రం కనిపించలేదు.
వెతికి వెతికి, వేళ్లతో తవ్వితే
బెత్తెడు మన్ను కింద తగిలింది తల.

ఇంత వాలులో మన్ను ఎక్కడైనా పైకి ఎక్కుతుందా?

ఎక్కుతుంది,
అంచు పెచ్చులూడిన ఒక బేసినులో.
వెనకగోడకి వచ్చి చేరినదంతా ఎత్తి
సీతాఫలం మొక్క మొదట్లో పోస్తోంది దాలమ్మ,
కొంగు నడుముకి దోపి,
రొప్పుతూ.

"ఇంటికొచ్చిందాన్ని గెడ్డలో పారేస్తానేటి?
ఎక్కడిదక్కడ ఎడతన్నాను."
ఎన్ని బేసిన్లు?
"లెక్కలు నీవి కదా."

నా పుస్తకంలో రెండే గళ్లు: కోత, మేట.
దాలమ్మ మోసింది మేటలో రాశాను,
వేరే చోటు లేక.
ప్రొఫెసరు ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి
తీసెయ్యమన్నారు.
తీసేశాను. సగటు కుదిరింది.

నవంబరులో వెళ్లేసరికి
గుమ్మం కింద ఐదో మెట్టు, సిమెంటు ఇంకా పచ్చిగా.
"తారీకు రాసీ పాపా, నాకు రాదు."

పుల్ల కోసం చూశాను.
తొట్టిలో, బురద అడుగున
వంకరపోయిన ముప్పై నాలుగో మేకు దొరికింది.
దానితో రాశాను.